ప్రొస్టేట్ ఆపరేషన్ తరువాత మూత్రం ఆగడం లేదు

ప్రశ్న: నా వయసు 67. క్యాన్సర్ రావడంతో ఏడాదిన్నర క్రితం ప్రొస్టేట్ గ్రంథిని పూర్తిగా తొలగించి, తరువాత రేడియేషన్ కూడా ఇచ్చారు. పీఎస్‌ఏ (ప్రొస్టేట్ క్యాన్సర్ జాడ తెలిపే రక్తపరీక్ష) అదుపులోనే ఉంది గానీ దగ్గినా, కుర్చీలోంచి లేచినా మూత్రం కారిపోతోంది. మూత్రాన్ని ఆపే కటి కండరాలను బిగించే కీగెల్ వ్యాయామాలు మానకుండా చేస్తున్నా రోజుకు నాలుగు ప్యాడ్లు పూర్తిగా తడుస్తున్నాయి. మా డాక్టరు గారు కృత్రిమ స్ఫింక్టర్ అమర్చుకోమంటున్నారు. నా మిత్రుడికి మాత్రం స్లింగ్‌తోనే తగ్గింది. నాకు ఏది మేలు?
- ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి చూస్తే మీ డాక్టరు గారి సలహాయే సబబుగా ఉంది. ఈ ఆపరేషన్ తరువాత లీకేజీ చాలామందికి మొదటి ఏడాదిలో క్రమంగా తగ్గుతుంది కాబట్టి అంతవరకు ఆగమంటాము. మీకు ఆ గడువు దాటిపోయింది.

స్లింగ్ అంటే మూత్రనాళం కింద అమర్చే వలలాంటి పట్టీ. అది నాళానికి ఊతమిస్తుందే తప్ప, పట్టు కోల్పోయిన కండరం పనిని తాను చేయలేదు. అందుచేత లీకేజీ కొద్దిగానో, ఒక మోస్తరుగానో ఉండి, రేడియేషన్ తీసుకోనివారిలో అది బాగా ఉపకరిస్తుంది. మీ మిత్రుడు బహుశా ఆ కోవలోని వారే అయి ఉంటారు.

కృత్రిమ స్ఫింక్టర్ అంటే మూత్రాన్ని ఆపే కండరానికి బదులుగా పనిచేసే పరికరం. అందులో మూడు భాగాలుంటాయి: మూత్రనాళం చుట్టూ పట్టీలా ఉండే కఫ్, పొత్తికడుపులో ఉంచే చిన్న బెలూన్, వృషణాల సంచిలో అమర్చే పంపు. సెలైన్‌తో నిండిన కఫ్ నాళాన్ని నొక్కి ఉంచుతుంది. మూత్రానికి వెళ్లినప్పుడు పంపును వేళ్లతో కొన్నిసార్లు నొక్కితే కఫ్‌లోని ద్రవం బెలూన్‌లోకి పోయి దారి తెరుచుకుంటుంది. కొద్ది నిమిషాల్లో అది దానంతటదే నిండి మళ్లీ మూసుకుంటుంది. దీన్ని వాడాలంటే వేళ్లలో పట్టు, మతిమరుపు లేని మనసు రెండూ అవసరం. ఆపరేషన్ అయిన వెంటనే కాక, గాయం మానేందుకు దాదాపు ఆరు వారాలు ఆగి పరికరాన్ని పని చేయిస్తారు. అంతవరకు ప్యాడ్లు తప్పవు.

ఆ తరువాత కూడా చుక్క పడకుండా ఆగుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు; రోజుకు ఒక చిన్న ప్యాడ్‌తో సరిపోతే దాన్ని మంచి ఫలితంగానే లెక్కించాలి. ఇన్ఫెక్షన్ వచ్చినా, కఫ్ నాళాన్ని ఒరుసుకుని లోపలికి చొచ్చుకుపోయినా పరికరాన్ని తీసివేయవలసి వస్తుంది. రేడియేషన్ తీసుకున్నవారిలో ఈ ముప్పు కొంత ఎక్కువ. పరికరం భాగాలు కొన్నేళ్లకు అరిగి మరో ఆపరేషన్ అవసరం కావచ్చు. ఖర్చు లక్షల్లో ఉంటుంది గనుక పరికరం ధరకు బీమా వర్తిస్తుందో లేదో ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

నిర్ణయానికి ముందు సిస్టోస్కోపీతో (సన్నని కెమెరా గొట్టంతో లోపల చూసే పరీక్ష) మూత్రనాళంలో, మూత్రాశయం మెడ వద్ద ఇరుకు ఏమైనా ఉందేమో చూపించుకోండి. ఉంటే దానికే ముందు చికిత్స చేయాలి. రేడియేషన్ వల్ల మూత్రాశయం బిగుసుకుపోయిందేమో యూరోడైనమిక్ పరీక్ష చెబుతుంది. షుగర్ ఉంటే అదుపులోకి తెచ్చుకున్నాకే ఆపరేషన్‌కు వెళ్లండి.

స్ఫింక్టర్ అమర్చాక ఏ ఆసుపత్రిలో చేరినా, ఎవరైనా కథెటర్ (మూత్రం తీసే గొట్టం) వేయబోతే, పరికరాన్ని ముందుగా ఆపి కఫ్‌ను తెరిచి ఉంచిన తరువాతే వేయాలని మీరూ, మీ ఇంటివారూ గట్టిగా చెప్పాలి. అలా ఆపకుండా గొట్టం తోస్తే మూత్రనాళం దెబ్బతింటుంది. స్పృహ లేని స్థితిలోనూ ఈ విషయం తెలిసేలా పరికరం వివరాల కార్డు జేబులో ఉంచుకోండి.