టెక్ సందేహాలు: స్క్రీన్ మీద నున్నగా, వెల్డర్ దగ్గర పలకలుగా

ఈ వారం వచ్చిన సందేహాల్లో ఎక్కువ భాగం ఇంటి కప్పుల గురించే. ఫోన్ బ్యాటరీ, వాట్సాప్ బ్యాకప్ ప్రశ్నలు వచ్చే వారం చూద్దాం. అడిగినవాళ్లంతా మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లే కాబట్టి కాస్త విడమరిచి రాస్తున్నాను.

విజయనగరం నుంచి ఒక సివిల్ డిప్లొమా విద్యార్థి: "గురువుగారూ, మా బాబాయి కల్యాణ మండపం ముందు గుండ్రటి రేకుల కప్పు వేయాలి. వెడల్పు 9 మీటర్లు, మధ్యలో ఎత్తు 1.5 మీటర్లు. స్కెచప్ అనే 3డి సాఫ్ట్‌వేర్‌లో నేనే మోడల్ చేశాను. స్క్రీన్ మీద నున్నగా ఉంది. ప్రింటు తీసి ఇస్తే వెల్డరు 'ఏటి బాబూ, గుండ్రం ఎక్కడుంది, ఇవి పలకలు కదేటి' అన్నాడు. తప్పెక్కడ జరిగింది?"

వెల్డరు సరిగ్గానే చూశాడు. స్కెచప్‌లో అసలైన వంపు అంటూ ఉండదు. ఆర్క్ (వృత్తంలో ఒక ముక్క) గీస్తే 12 తిన్నని గీతలు, వృత్తం గీస్తే 24 గీతలు పక్కపక్కన పేరుస్తుంది. వాటి మధ్య అంచుల్ని మెత్తబరిచి దాచేస్తుంది కాబట్టి మనకు నున్నగా కనిపిస్తుంది. వ్యూ మెనూలో హిడెన్ జామెట్రీ ఆన్ చేయండి, పలకలన్నీ బయటపడతాయి.

ఇప్పుడు మీ కొలతలే తీసుకుందాం. వెడల్పు వర్గాన్ని ఎత్తుకి 8 రెట్లతో భాగించి, ఎత్తులో సగం కలిపితే వ్యాసార్థం వస్తుంది. 81ని 12తో భాగిస్తే 6.75, దానికి 0.75 కలిపితే 7.5 మీటర్లు. 12 ముక్కలు చేస్తే ఒక్కో ముక్క దాదాపు 80 సెంటీమీటర్లు. ముక్క మధ్యలో అసలు వంపుకీ మీ గీతకీ 11 మిల్లీమీటర్ల తేడా. 24 ముక్కలైతే ఆ తేడా 3 మిల్లీమీటర్లకి దిగుతుంది. ఎవరైనా కంప్యూటర్ తేలికవ్వాలని 6కి తగ్గించారనుకోండి, 43 మిల్లీమీటర్లు. అంటే మధ్యవేలు సగం పొడవు! ఆర్క్ గీసిన వెంటనే కీబోర్డు మీద 24s అని కొట్టి ఎంటర్ నొక్కితే ముక్కల సంఖ్య మారుతుంది. పుష్-పుల్ (గీసినదాన్ని లాగి ఘనంగా చేసే టూల్) వాడకముందే ఈ పని చేసుకోండి. మందం కూడా అంతే. ముందు ఆఫ్‌సెట్‌తో పక్కనే సమాన దూరంలో రెండో ఆర్క్ గీసి, ఆ తర్వాతే లాగండి.

అయితే 24 కాదు, 96 ముక్కలు చేసినా వెల్డరుకి మోడల్ ప్రింటు పనికిరాదు. ఆయనకి కావలసినవి నాలుగు అంకెలు: వెడల్పు 9 మీటర్లు, ఎత్తు 1.5, వ్యాసార్థం 7.5, వంపు వెంట పొడవు 9.65. ఇవి చిత్తు కాగితం మీద రాసిచ్చినా చాలు, పైపుని రోలింగ్ మిషన్ మీద వంచి తెస్తాడు. నేనూ ఒకప్పుడు మా మేడ మీద వాటర్ ట్యాంకుకి గొడుగులాంటి కప్పు గీసి, ఆ 12 ముక్కల కొలతలే రాసిచ్చాను. పాపం అతను చెప్పింది చెప్పినట్టు పైపు 12 ముక్కలు కోసి అతికించాడు. ఇప్పటికీ అలాగే ఉంది. బట్టలు ఆరేయడానికి వెళ్లినప్పుడల్లా తల తిప్పేసుకుంటాను.

ఇంకో మాట. రేకు గాడులు నీళ్లు జారే వైపే ఉండాలి, అంటే వంపు వెంటే. గాడి ఉన్న రేకుని ఆ దిశలో చేత్తో వంచలేరు, దానికి వేరే మిషన్ కావాలి. స్కెచప్ ఈ సంగతి చెప్పదు, రేకులమ్మేవాళ్లని ముందే అడగండి. పాలీకార్బొనేట్ షీటు వేస్తే చాలావరకు చల్లగానే వంగుతుంది. కానీ దానికీ ఒక హద్దుంది. బోలు గదుల షీటుకి కనీస వ్యాసార్థం సాధారణంగా మందానికి 150 నుంచి 175 రెట్లు ఉంటుంది. 10 మిల్లీమీటర్ల షీటైతే దాదాపు మీటరున్నర, మీటరు ముప్పావు. మీది 7.5 మీటర్లు కాబట్టి టెన్షన్ లేదు.

శ్రీకాకుళంలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేస్తున్న పాఠకురాలు: "కళింగపట్నం వైపు బీచ్ రిసార్టుకి పాతకాలం చుట్టిళ్లలా గుండ్రటి గదులు గీస్తున్నాం. అంచు నుంచి అంచుకి 20 అడుగులు, కప్పు 45 డిగ్రీల వాలు. రెవిట్ అనే బిల్డింగ్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో కప్పు కుదరడం లేదు. పైగా తాటాకు ఎస్టిమేటు తక్కువ పడిందని మేస్త్రీ గొడవ పెడుతున్నాడు."

ముందు కప్పు సంగతి. వంపు అనగానే అందరూ మాస్, ఇన్-ప్లేస్ ఫ్యామిలీ అంటూ పెద్ద పనిలోకి దిగుతారు. చుట్టింటికి అవేమీ వద్దు. రూఫ్ బై ఫుట్‌ప్రింట్ తీసుకుని వృత్తం గీసి, ఆ గీతకి డిఫైన్స్ స్లోప్ టిక్ పెట్టి 45 డిగ్రీలు ఇవ్వండి. శంఖువు లేస్తుంది. ప్రాపర్టీస్‌లో నంబర్ ఆఫ్ ఫుల్ సెగ్మెంట్స్ అని ఒకటుంటుంది, దాన్ని 0 దగ్గరే వదిలేయండి. అక్కడ 8 పెడితే చుట్టిల్లు పోయి ఎనిమిది పలకల గొడుగు వస్తుంది. మీకు కుదరకపోవడానికి ఇదే కారణమని నా అనుమానం.

ఎస్టిమేటు విషయంలో మేస్త్రీదే పైచేయి. మీరు నేల వైశాల్యం లెక్కేసి ఉంటారు: వ్యాసార్థం 10 అడుగులు, అంటే 314 చదరపు అడుగులు. కానీ తాటాకు పరిచేది వాలు మీద. 45 డిగ్రీల్లో అంచు నుంచి కొన వరకు ఏటవాలు పొడవు 14.14 అడుగులు. శంఖువు ఉపరితలం 444 చదరపు అడుగులు. ఒక్కో గదికీ 130 చదరపు అడుగుల తాటాకు తేడా, ఒకదాని మీద ఒకటి ఎక్కే వరసలు లెక్కలోకి రాకుండానే! రెవిట్‌లో రూఫ్ షెడ్యూల్ వేసి ఏరియా కాలమ్ తీసుకుంటే అది వాలు వెంటే లెక్కిస్తుంది. కాలిక్యులేటర్ పక్కన పెట్టి ఆ అంకె వాడండి.

ఇక్కడ ఆగి ఒక చిట్కా చెబుతాను, కింది ప్రశ్నలకీ ఇదే తాళంచెవి. సాఫ్ట్‌వేర్ తెరవకముందు నోట్‌బుక్‌లోంచి ఒక కాగితం చింపండి. మీ కప్పు ఆకారంలో ముడతలు పడకుండా చుట్టగలిగితే అది ఒకవైపు వంపు. కల్యాణ మండపం కప్పూ, చుట్టింటి శంఖువూ ఈ బాపతే. ఇలాంటి కప్పుని రేకుతోనో తాటాకుతోనో కప్పొచ్చు, పరిచి కొలవొచ్చు. కాగితం ముడతపడితే అది రెండువైపుల వంపు. గుమ్మటంలాంటి గోపురం, గుర్రపు జీను ఈ కోవలోవి. వీటికి అచ్చు కావాలి, లేదా చిన్న చిన్న ముక్కలు కావాలి, ఖర్చు వేరే. రైనో అనే 3డి సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి ఈ కాగితం పరీక్ష సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది: మొదటి రకాన్ని అన్‌రోల్ సర్ఫేస్ కమాండ్ చక్కగా పరుస్తుంది. రెండో రకానికి స్మాష్ అనే ఉజ్జాయింపు పద్ధతి తప్ప గతిలేదు.

శ్రీకాకుళం నుంచే ఆర్కిటెక్చర్ మూడో సంవత్సరం విద్యార్థి: "కాలేజీ ప్రాజెక్టుకి ముఖలింగం ఆలయ శిఖరంలాంటిది మోడల్ చేస్తున్నాను. స్కెచప్‌లో ఫాలో మీ వాడితే ప్రతి ముఖం మధ్యలో ముందుకొచ్చిన భాగం పైకి వెళ్లేసరికి మాయమైపోతోంది, ముఖాలు ఒకదాన్నొకటి కోసుకుంటున్నాయి. రైనో కొనాలా?"

మంచి ప్రశ్న. నాకు ఇష్టమైన కప్పు కూడా. వంశధార ఒడ్డున ఉన్న ఆ శిఖరాలు కళింగ పద్ధతివి. నేల నుంచి దాదాపు నిటారుగా లేచి, పైకి వెళ్లాక లోపలికి ఒంగి, మెడ మీద ఆమలకం (ఉసిరికాయలా గాడులున్న గుండ్రటి రాయి) పెట్టుకుని నిలబడతాయి. ఎవరు చూసినా ఇది రెండువైపుల వంపే అనుకుంటారు. కాగితం పెట్టి చూడండి. చతురస్రపు పునాది మీద లేచిన ముఖం నిలువునా వంగుతుంది గానీ అడ్డంగా తిన్నగానే ఉంటుంది. ఆకారం వరకు చూస్తే ఒక్కో ముఖం ఒకవైపు వంపే! రెండువైపులా వంగేది ఆమలకం ఒక్కటే.

మీ ఇబ్బంది ఫాలో మీ పనిచేసే తీరులో ఉంది. అది మీరిచ్చిన వంపుని పునాది అంచు వెంట తిప్పుతుంది, అంటే అన్ని అంచుల్నీ ఒకే దూరం లోపలికి జరుపుతూ పోతుంది. ఉత్త చతురస్రమైతే పర్వాలేదు, అచ్చంగా సరిపోతుంది. మీ పునాదిలో రథాలున్నాయి, అంటే ముందుకొచ్చిన పట్టీలు. పట్టీ రెండు పక్క అంచులూ ఒకదానివైపు ఒకటి జరుగుతాయి. పట్టీ వెడల్పు 2 మీటర్లుంటే, అంచులు మీటరు లోపలికి జరిగేసరికి పట్టీ సున్నా అయిపోతుంది. ఆ పైన ముఖాలు కోసుకోక ఏం చేస్తాయి?

శిఖరంలో జరిగేది జరపడం కాదు, చిన్నబరచడం. పునాది ప్లాను మొత్తాన్ని, రథాలతో సహా, ఒకే నిష్పత్తిలో కుదించుకుంటూ పైకి పోవాలి. పక్కన నిలువు వంపు ఒకటి గీసి, దాన్ని పది పన్నెండు మట్టాలుగా విడగొట్టండి. ప్రతి మట్టంలో పునాది ప్లాను కాపీ పెట్టి, ఆ ఎత్తులో వంపు ఎంత లోపలికొచ్చిందో అంతకి స్కేల్ చేయండి. వంపు ఎక్కువగా ఉండే పైభాగంలో మట్టాలు దగ్గర దగ్గరగా పెట్టుకోండి, కింద దూరంగా ఉన్నా నష్టం లేదు. తర్వాత వాటన్నిటినీ కలిపి లాఫ్ట్ చేయాలి, అంటే వాటి మీదుగా తొడుగు వేయాలి. స్కెచప్‌లో ఆ పనికి ఫ్రెడో6 చేసిన కర్విలాఫ్ట్ ఎక్స్‌టెన్షన్ ఉంది, దానికి ముందు లిబ్‌ఫ్రెడో6 అనే సహాయక ఎక్స్‌టెన్షన్ వేసుకోవాలి. బ్రౌజర్‌లో వాడే ఉచిత స్కెచప్‌లో ఎక్స్‌టెన్షన్లు పడవు. రైనో కొననక్కర్లేదు, 90 రోజుల ట్రయల్ ఉంది, ప్రాజెక్టు అయిపోతుంది. నన్నడిగితే బ్లెండర్ అనే 3డి సాఫ్ట్‌వేర్‌లో చేయమంటాను. పైసా ఖర్చు లేదు, ప్లానుని పైకి ఎక్స్‌ట్రూడ్ చేసి, అడ్డంగా లూపులు కోసి, ఒక్కో లూపుని స్కేల్ చేయడమే. డ్రోన్‌తో ఫొటోలు తీద్దామనుకుంటే మాత్రం ముందు పురావస్తు శాఖ అనుమతి తీసుకోండి, అది రక్షిత కట్టడం.

పలాస నుంచి ఒక చిన్న కాంట్రాక్టరు: "స్కూల్లో ఓపెన్ స్టేజీ మీద గుర్రపు జీనులాంటి కాంక్రీటు కప్పు అడిగారు. 6 మీటర్ల చతురస్రం, ఎదురెదురు మూలలు రెండు 1.5 మీటర్లు పైకి. నాకు ఆటోక్యాడ్ ఒక్కటే వచ్చు. గీస్తే గళ్లు గళ్లుగా ముతకగా వస్తోంది."

ముతకగా రావడానికి కారణం సర్ఫ్‌ట్యాబ్1, సర్ఫ్‌ట్యాబ్2, అంటే మెష్‌ని రెండు దిశల్లో ఎన్ని గళ్లుగా విడగొట్టాలో చెప్పే అంకెలు. ఆటోక్యాడ్ వాటిని 6 దగ్గర పెట్టి ఉంచుతుంది. రెండింటికీ 24 ఇచ్చి, ఆ తర్వాత నాలుగు అంచుల 3డి గీతలతో ఎడ్జ్‌సర్ఫ్ కొట్టండి. ముందు గీసి తర్వాత అంకె మారిస్తే పాత మెష్ మారదు, చెరిపి మళ్లీ గీయాలి. సరిగ్గా వచ్చిందో లేదో తెలుసుకోవడానికి నడిమధ్య ఎత్తు కొలవండి, 0.75 మీటర్లు రావాలి.

మీకు అసలు ఉపయోగపడే సంగతి వేరే ఉంది. ఈ ఆకారం కాగితం పరీక్షలో తప్పుతుంది, రెండువైపులా వంగుతుంది. కానీ పూర్తిగా తిన్నని గీతలతోనే తయారవుతుంది! నమ్మకపోతే నాలుగు కొబ్బరి ఈనెలు చతురస్రంగా కట్టి, ఎదురెదురు మూలలు రెండు పైకి లేపి, ఎదురెదురు ఈనెల మీద సమాన దూరాల్లో దారాలు కట్టి చూడండి. దారాలన్నీ తిన్నగా ఉంటాయి, మొత్తం కలిసి జీను అవుతుంది. అంటే సెంట్రింగుకి వంపు చెక్క అక్కర్లేదు, మామూలు తిన్నని పలకలు సన్నగా కోసి పరిస్తే చాలు. మెక్సికోలో ఫెలిక్స్ కాండెలా ఈ కిటుకుతోనే కట్టేవాడు. 1958లో ఆయన కట్టిన లాస్ మనాంతియాలెస్ రెస్టారెంటు కప్పు మందం 4 సెంటీమీటర్లే.

అది చదివి మీరూ 4 సెంటీమీటర్లు పోసేయకండి. ఆటోక్యాడ్ ఆకారం చూపిస్తుంది, బలం చూపించదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఉద్దానంలో ఏం చేసిందో పలాసవాళ్లకి నేను చెప్పాలా? వంపు కప్పుని గాలి కిందికి నొక్కడమే కాదు, పైకి కూడా లాగుతుంది. భారత ప్రమాణాల్లో గాలి లెక్కలకి ఐఎస్ 875 మూడో భాగం, కాంక్రీటు షెల్ (పల్చటి గుల్ల) కప్పులకి ఐఎస్ 2210 ఉన్నాయి. పక్కనున్న విశాఖకి గాలి కోడ్ ఇచ్చిన ప్రాథమిక గాలివేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. కింద కూర్చునేది పిల్లలు. స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం లేకుండా సెంట్రింగ్ మొదలుపెట్టొద్దు.

బొబ్బిలి నుంచి: "8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్‌లో గోపురం మోడల్ తిప్పితే హ్యాంగ్ అవుతోంది. కొత్తది కొనాలా?"

ముందు ఆ గోపురం వృత్తానికి ఎన్ని ముక్కలిచ్చారో చూడండి. 200 పైచిలుకు ఇచ్చి ఉంటారు. ఫాలో మీతో తిప్పాక అది వేల ముఖాలవుతుంది. 48కి తగ్గించి మళ్లీ చేయండి, నీడలు ఆపండి, గోపురాన్ని గ్రూపు చేసి పని లేనప్పుడు దాచేయండి. అప్పటికీ హ్యాంగ్ అయితే ల్యాప్‌టాప్ మార్చేకన్నా ముందు ర్యామ్ 16కి పెంచుకునే వీలుందేమో అడగండి. కొన్నిటిలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, అలాంటిదైతే పెంచడం కుదరదు.