డ్రయ్యర్ స్విచ్ పోయింది, చేతిలో డబ్బు లేదు: కొత్తది అప్పు మీద కొనాలా?

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. ఇద్దరు పిల్లలు. మావారు హెచ్-1బి వర్క్ వీసా మీద పని చేస్తున్నారు, నాకు ఉద్యోగం లేదు. తొమ్మిదేళ్ల ఎలక్ట్రిక్ డ్రయ్యర్ వారం నుంచి స్టార్ట్ కావడం లేదు. నాబ్ నొక్కితే చప్పుడే ఉండదు. మెకానిక్ చూసి స్టార్ట్ స్విచ్ పోయిందన్నాడు, మార్చడానికి 240 డాలర్లు అడిగాడు. షాపులో వాషర్, డ్రయ్యర్ జత 1,650 డాలర్లకు, 12 నెలలు వడ్డీ లేకుండా ఇస్తామంటున్నారు, ఆ కాగితం కూడా పంపుతున్నాను. మా సేవింగ్స్‌లో 380 డాలర్లే ఉన్నాయి. క్రెడిట్ కార్డు మీద 3,400 బాకీ ఉంది. నెల ఖర్చు 5,200. షాద్‌నగర్ దగ్గర కొన్న ప్లాటు లోన్ త్వరగా తీరాలని ఈఎంఐ కాక నెలకు 600 డాలర్లు అదనంగా పంపుతున్నాం. ఏప్రిల్‌లో వచ్చిన 3,600 టాక్స్ రిఫండ్ ఇండియా టికెట్లకు సరిపోయింది. 401కె (కంపెనీ రిటైర్మెంట్ పొదుపు ఖాతా) నుంచి 5,000 లోన్ తీసుకుని కార్డు బాకీ తీర్చి, డ్రయ్యర్ కూడా కొనేద్దామని మావారు అంటున్నారు. ఏది మంచిది? ఇంట్లో వస్తువుల రిపేర్లకు హోమ్ వారంటీ కూడా తీసుకోవాలా?

జవాబు: అమ్మా, డ్రయ్యర్ సంగతి రెండు మాటల్లో తేలిపోతుంది. బాగు చేయించండి, కొత్తది కొనకండి. మీ ఉత్తరం చదువుతూ నేను ఆగిపోయింది మాత్రం ఆ 380 డాలర్ల దగ్గర. ఇలాంటి ఇళ్లు నాకు చాలా తెలుసు. ఊళ్లో ప్లాటు ఉంటుంది, 401కెలో డబ్బు ఉంటుంది, జీతమూ బాగానే వస్తుంది. ఒక స్విచ్ పాడైతే మాత్రం అప్పు కోసం వెతుక్కోవాల్సి వస్తుంది.

ముందు మెషీన్ గురించి చెప్తాను. నొక్కే నాబ్ ఉన్న మోడళ్లలో స్టార్ట్ స్విచ్ చిన్న భాగం. పైన ప్యానెల్ వెనక ఉంటుంది, రెండు మూడు వైర్లు తగిలించి ఉంటాయి. మామూలుగా 15 నుంచి 40 డాలర్ల లోపే దొరుకుతుంది. డ్రయ్యర్ తలుపు లోపలి అంచు మీద స్టిక్కర్‌పై మోడల్ నంబర్ ఉంటుంది, దాన్ని బట్టే కొనండి. మీవారికి స్క్రూడ్రైవర్ పట్టే అలవాటుంటే గంటలో అయ్యే పని. ప్లగ్గు పూర్తిగా గోడలోంచి తీసేయాలి. అది 240 వోల్టుల లైను, కాబట్టి స్విచ్ ఆపాను కదా అనుకుని చేయి పెట్టకూడదు. వైర్లు తీసే ముందు ఫోన్‌తో ఫొటో తీసుకోవాలి.

కొనే ముందు ఒక పరీక్ష చేయండి. వైర్లు తీసేసి, పాత స్విచ్ నొక్కి పట్టుకుని మల్టీమీటర్‌తో కంటిన్యుటీ (కరెంటు దాని గుండా పోతుందో లేదో) చూడండి. నొక్కినా రాకపోతే స్విచ్ పోయినట్టే. వస్తే తప్పు వేరేచోట ఉంది. తలుపు స్విచ్ కావచ్చు, వెనక ఉండే థర్మల్ ఫ్యూజ్ కావచ్చు. ఫ్యూజ్ పోయినా మెషీన్ ఇలాగే మూగబోతుంది. అది సాధారణంగా గాలి బయటికి పోయే గొట్టం లింట్‌తో (బట్టల పీచుతో) పూడుకుపోయి వేడెక్కడం వల్ల పోతుంది. ఫ్యూజ్‌ను తప్పించి వైర్లు కలిపేసే పని మాత్రం ఎవరు చెప్పినా చేయకండి, ఇల్లు తగలబడే ప్రమాదం ఉంది. కరెంటు పని అంటే భయమైతే మెకానిక్‌నే పిలవండి. రిపేర్ చేయిస్తే చూసినందుకు తీసుకున్న విజిట్ చార్జీ తగ్గిస్తారేమో అడగండి, చాలామంది తగ్గిస్తారు. 240 ఇచ్చినా 1,650 కంటే నయమే. డ్రయ్యర్ లోపల ఉండేది మోటారు, బెల్టు, హీటర్, కొన్ని స్విచ్‌లు. తొమ్మిదేళ్లయిందని ఒక్క స్విచ్ కోసం పారేసే వస్తువు కాదు. బాగయ్యేదాకా గరాజ్‌లో దండెం కట్టుకోండి, టెక్సస్ ఎండకు బట్టలు ఆరిపోతాయి.

ఇక ఆ షాపు ఆఫర్. దీని మీద నాకు ఓపిక లేదు. అది వడ్డీ లేని అప్పు కాదు, వడ్డీని దాచిపెట్టిన అప్పు. మీరు పంపిన కాగితంలో 29.99 శాతం అని, పక్కనే డిఫర్డ్ ఇంటరెస్ట్ అని ఉంది. నెలకు 60 డాలర్ల మినిమమ్ కడుతూ పోతే ఏడాదికి 720 కట్టినట్టు, ఇంకా 930 మిగులుతుంది. అప్పుడు వాళ్లు ఆ 930 మీద మాత్రమే వడ్డీ వేసి ఊరుకోరు. కొన్న రోజు నుంచి ప్రతి నెలా ఎంత బాకీ ఉందో దానికి లెక్కకట్టి, దాదాపు 400 డాలర్లు ఒక్కసారిగా బిల్లులో కలుపుతారు. ఇది తప్పించుకోవాలంటే నెలకు 137.50 తప్పకుండా కట్టాలి. నెలకు 137 డాలర్లు పక్కన పెట్టగలిగే ఇల్లయితే మీ సేవింగ్స్‌లో 380 మాత్రమే ఉండేది కాదు.

401కె లోన్ ఇంకా ప్రమాదం. మన డబ్బే కదా, వడ్డీ కూడా మనకే వస్తుంది కదా అని అందరూ అంటారు. ఉద్యోగం పోతే ఏమవుతుందో ఎవరూ చెప్పరు. చాలా ప్లాన్లలో మిగిలిన బాకీ వెంటనే కట్టమంటారు. ఆ ఏడాది టాక్స్ రిటర్న్ గడువులోపు ఆ మొత్తాన్ని ఐఆర్ఏలో (సొంత రిటైర్మెంట్ ఖాతాలో) గానీ కొత్త కంపెనీ ప్లాన్‌లో గానీ వేయలేకపోతే దాన్ని ఆదాయంగా లెక్కేస్తారు. అప్పుడు పన్నుతో పాటు, వయసు 59½ నిండని వారికి సాధారణంగా 10 శాతం పెనాల్టీ కూడా పడుతుంది. అంటే జీతం ఆగిన రోజే ఈ అప్పు మెడకు చుట్టుకుంటుంది.

మీ ఇంట్లో జీతం ఒక్కటే. అదీ హెచ్-1బి మీద. ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజులు ఉంటాయి. ఆ లోపు కొత్త కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా స్టేటస్ మార్చుకోవాలి, లేదా సామాను సర్దుకోవాలి. 2022 చివర్లో, 2023 మొదట్లో టెక్ కంపెనీలు వరసగా మనుషుల్ని తీసేసినప్పుడు నాకు వచ్చిన ఫోన్లు నేను మరిచిపోలేదు. ఒక దంపతులకు హైదరాబాద్ చుట్టుపక్కల రెండు ప్లాట్లు ఉన్నాయి, బ్యాంకులో నెల అద్దె లేదు. ప్లాటు అమ్ముదామంటే పవర్ ఆఫ్ అటార్నీ కావాలి, కొనేవాళ్లు టీడీఎస్ కోసి ఇస్తారు, రేటు కుదరాలి. ఆ 60 రోజుల్లో అయ్యే పనులు కావవి. ఆయన ఇంటర్వ్యూలకు చదువుకోవాల్సిన రాత్రులు అప్పు ఎవరినడగాలా అని ఆలోచిస్తూ గడిపాడు. మీ ఇంట్లో అలా జరగకూడదనే ఇంత గట్టిగా చెప్తున్నాను.

కాబట్టి షాద్‌నగర్‌కు పంపే అదనపు 600 ఈ నెల నుంచే ఆపండి. ఈఎంఐ మాత్రం కడుతూ ఉండండి. లోన్ రెండేళ్లు ఆలస్యంగా తీరితే కొంపేమీ మునగదు. ముందే కట్టిన డబ్బును మాత్రం ఇక్కడ అవసరమైతే బ్యాంకు వెనక్కి ఇవ్వకపోవచ్చు. ఊళ్లో పెద్దవాళ్లకు అప్పంటే టెన్షన్ ఉంటుంది, వాళ్లకు మీరే ఫోన్ చేసి చెప్పండి. రెండోది, 3,600 రిఫండ్ వస్తోందంటే నెలకు 300 ఎక్కువ పన్ను కోయించుకుంటున్నట్టు. జీతంలోంచి ఎంత పన్ను కోయాలో చెప్పే డబ్ల్యూ-4 ఫారం మీవారు కంపెనీలో సరిచేసి ఇస్తే ఆ 300 జీతంలోనే వస్తాయి. రెండూ కలిపితే నెలకు 900.

మొదటి 1,000 డాలర్లు చేరేదాకా కార్డుకు మినిమమ్ మాత్రమే కట్టండి, కొత్తగా ఏదీ దాని మీద కొనకండి. ఆ తర్వాత సగం కార్డుకు, సగం ఎమర్జెన్సీ ఫండ్‌కు. కార్డు ముందు పూర్తిగా తీర్చమని చాలామంది సలహాదారులు చెప్తారు, లెక్క ప్రకారం అదే సరైనది కూడా. రెండు జీతాలు, గ్రీన్ కార్డు ఉన్న ఇంటికి నేనూ అదే చెప్తాను. మీకు చెప్పను. ఇలా చేస్తే ఏడాదికల్లా కార్డు తీరుతుంది, ఒక నెల ఖర్చు చేతిలో ఉంటుంది. అక్కడి నుంచి ఆరు నెలల ఖర్చు, అంటే 31,200 చేరేదాకా ప్లాటు వైపు చూడొద్దు. ఈ డబ్బు మీ రోజువారీ బ్యాంకులో వద్దు. వేరే బ్యాంకులో హై-యీల్డ్ (ఎక్కువ వడ్డీ ఇచ్చే) సేవింగ్స్ ఖాతా తెరిచి, జీతం పడిన రోజే అటు వెళ్లేలా పెట్టండి. దానికి డెబిట్ కార్డు తీసుకోకండి.

హోమ్ వారంటీ అడిగారు కాబట్టి చెప్తున్నా, ఇప్పుడు అక్కర్లేదు. మీవారికి కంపెనీ ఇచ్చింది కాక సొంత టర్మ్ ఇన్సూరెన్స్ ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి.

ఈ శనివారం ప్లగ్గు తీసి స్విచ్ పరీక్షించండి. వెనక గొట్టం కూడా విప్పి లింట్ అంతా తీసేయండి. 30 డాలర్ల భాగంతో పని అయిపోతే మెకానిక్‌కు ఇవ్వాల్సిన 240లో 210 మిగులుతాయి. వాటిని ఆ రోజే కొత్త ఖాతాలో వేసేయండి.