చెయ్యెత్తమని అడిగే ముందు

ప్రభువునందు ప్రియమైన తమ్ముడికి,

అక్క వందనాలు. యూత్ పిల్లలకి ఆరు వారాల పాటు రక్షణ గురించి చెప్పమని పాస్టర్‌గారు నీకు అప్పగించారని, ఎక్కడ మొదలుపెట్టాలో తోచక టెన్షన్‌గా ఉందని రాశావు. నోట్సు పంపమని అడిగావు. నోట్సు కంటే ముందు నీకు ఒక సంగతి చెప్పాలి. ముప్పై ఏళ్లకు పైగా సండే స్కూల్లో, యూత్ మీటింగుల్లో నేర్చుకున్నవాటిలో నా గుండెని బాగా కోసింది ఇదే.

నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక రిట్రీట్, అంటే పిల్లల్ని కొన్ని రోజులు బయటికి తీసుకెళ్లి పెట్టే ప్రార్థన క్యాంపు, జరిగింది. ఆఖరి రాత్రి వాక్యం నాది. నరకం గురించి చెప్పాను. "ఈ రాత్రే నువ్వు చనిపోతే ఎక్కడుంటావు?" అని మళ్లీ మళ్లీ అడిగాను. వెనక పాట మెల్లగా సాగుతోంది, పిల్లలు ఏడుస్తున్నారు. రక్షణ కావాలనుకునేవాళ్లు చెయ్యెత్తండి అన్నాను. దాదాపు అందరూ ఎత్తారు. ఎంతమందో లెక్క రాసుకుని దేవుణ్ణి స్తుతించి పడుకున్నాను.

ఏడాది తర్వాత వాళ్లలో ఒక పదహారేళ్ల అబ్బాయి నా దగ్గరికి వచ్చి, "అక్కా, నేను ఇప్పటికి నాలుగుసార్లు చెయ్యెత్తాను. పోయినసారి ఎత్తింది సరిపోయిందో లేదో తెలీక ప్రతిసారీ ఎత్తుతున్నాను" అన్నాడు. వాడు అల్లరికి అనలేదు. కళ్లలో భయం కనబడుతోంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను ఆ పిల్లవాడికి యేసుని చూపించలేదు. వాడి చెయ్యినే వాడికి చూపించాను.

అందుకే తమ్ముడూ, నిన్ను బతిమాలి చెబుతున్నాను. పిల్లల్ని తొందరపెట్టకు, భయపెట్టకు. రక్షించేది ఆయన. ఆయన ఎవరో, ఏం చేశాడో వాళ్లకి సరిగ్గా కనబడేలా చెప్పడం, ఆ తర్వాత వాళ్లు అడిగేదాకా ఓపిగ్గా పక్కన ఉండడం, ఇంతవరకే నీ వంతు. తీర్పు గురించి చెప్పొద్దని నేననడం లేదు. యేసు ప్రభువే చెప్పాడు, మనం దాచకూడదు. కానీ భయం ఒక్కటే తెచ్చిన పిల్లవాడు ఆ భయం తగ్గగానే వెళ్లిపోతాడు, లేదంటే ఆ అబ్బాయిలా జన్మంతా భయపడుతూనే ఉంటాడు.

మొదటి వారం ఒకటే ప్రశ్న అడుగు: "రక్షణ అంటే దేని నుంచి?" అందరూ నరకం నుంచి అంటారు. అది తప్పు కాదు, కానీ అక్కడితో ఆగిపోనివ్వకు. మత్తయి 1:21 తీయించు. ఆయనకు యేసు అని పేరు పెట్టమన్నది ఎందుకు? "తన ప్రజలను వారి పాపములనుండి ఆయనే రక్షించును గనుక." శిక్ష నుంచి మాత్రమే కాదు, పాపాల నుంచే. అబద్ధం నుంచి, అసూయ నుంచి, ఒంటరిగా ఉన్నప్పుడు ఫోన్లో చూసి తర్వాత సిగ్గుపడే వాటి నుంచి కూడా. ఈ మాట దగ్గర పిల్లలు తలెత్తి చూస్తారు. ఎందుకంటే చనిపోయాక సంగతి వాళ్లకి చాలా దూరం. నిన్న రాత్రి సంగతి దగ్గర.

తర్వాత రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టి చదివించు. పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీతో ప్రభువు, "నీ విశ్వాసము నిన్ను స్వస్థపరచెను" అన్నాడు. అది మార్కు 5:34. పరిసయ్యుడి ఇంట్లో ఆయన పాదాల దగ్గర ఏడ్చిన పాపాత్మురాలితో, "నీ విశ్వాసము నిన్ను రక్షించెను" అన్నాడు. అది లూకా 7:50. మన తెలుగు బైబిల్లో ఇవి రెండు మాటలు గానీ గ్రీకులో ఒకే మాట. బాగుచేయడానికీ రక్షించడానికీ అక్కడ ఒకటే క్రియ. ఇది చెప్పినప్పుడు ఒకమ్మాయి, "అయితే రక్షణ అంటే లోపల బాగవడమా అక్కా?" అని అడిగింది. అంతకంటే మంచి నిర్వచనం నేను రాసుకున్న నోట్సులో లేదు.

రెండో వారం నిర్గమకాండానికి వెళ్లు. చాలామంది టీచర్లు ఇది వదిలేసి నేరుగా రోమా పత్రికకి పోతారు. నాకది నష్టం అనిపిస్తుంది. ఎర్రసముద్రం ముందర ఇశ్రాయేలీయులు నిలబడ్డారు. వెనక ఫరో సైన్యం. "యెహోవా మీకు నేడు కలుగజేయు రక్షణను మీరు ఊరక నిలుచుండి చూడుడి" అన్నాడు మోషే. ఇది 14వ అధ్యాయం. పది ఆజ్ఞలు ఎక్కడున్నాయో వెతకమను. 20వ అధ్యాయం. ఆ అధ్యాయం కూడా ఆజ్ఞతో మొదలవదు, "నిన్ను ఐగుప్తు నుంచి బయటికి రప్పించింది నేనే" అని మొదలవుతుంది. ముందు విడిపించాడు, తర్వాత ఆజ్ఞలు ఇచ్చాడు. ఆజ్ఞలన్నీ పాటించి చూపిస్తే అప్పుడు విడిపిస్తానని అనలేదు. ఈ వరస పిల్లల చేతే కనిపెట్టించు, నువ్వు చెప్పేయకు.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, పిల్లల బతుకంతా మార్కుల మీద నడుస్తుంది. చదివితే ర్యాంకు, ర్యాంకు వస్తే మెప్పు. దేవుడు కూడా అలాగే లెక్క వేస్తాడని వాళ్ల నమ్మకం. కృప అనే మాట వందసార్లు పాడి ఉంటారు, కానీ లోపల మార్కుల పుస్తకమే తెరిచి ఉంటుంది. "మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు, ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే" అనే ఎఫెసీ 2:8 కంఠతా వచ్చిన పిల్లలే, వారం రోజులు ప్రార్థన చేయకపోతే దేవుడు తమని వదిలేశాడని అనుకుంటారు. అలాంటివాళ్లకి లూకా 19లో పన్నులు వసూలు చేసే జక్కయ్యని చూపించు. ఆస్తిలో సగం బీదలకిస్తానని, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగిస్తానని ఆయన అన్నాడు. ఎప్పుడు అన్నాడు? యేసు పేరు పెట్టి పిలిచి, వాళ్లింటికి వస్తానన్నాక. మారడం నిజమే, మారాలి కూడా. కానీ ముందు పిలుపు వచ్చింది. ఎఫెసీ 2లో 8, 9 వచనాలు చెప్పి ఆగిపోకు, 10 కూడా చదివించు. సత్క్రియలు అక్కడున్నాయి, వేరులా కాదు, కాయలా.

మూడో వారం లూకా 15. దీనికి పూర్తి వారం ఇవ్వు, రెండు వారాలు పట్టినా ఫరవాలేదు. ఆస్తిలో వాటా తీసుకుని వెళ్లిపోయి, అంతా పోగొట్టుకుని తండ్రి దగ్గరికి తిరిగొచ్చిన చిన్న కొడుకు కథ అందరికీ వచ్చు. నువ్వు ఇంట్లోనే ఉండి, తమ్ముడికి విందు చేశారని అలిగిన పెద్ద కొడుకు దగ్గర ఆగు. మన యూత్‌లో సగం మంది పెద్ద కొడుకులే. చిన్నప్పటి నుంచి సంఘంలో ఉన్నారు, పాటలు వచ్చు, వాక్యాలు వచ్చు, ఎక్కడికీ పారిపోలేదు. అయినా తండ్రి సంతోషం వాళ్లకి తెలీదు. "ఇన్నేళ్లు చాకిరీ చేశాను" అన్న ఆ కొడుకు మాటలో కొడుకు గొంతు లేదు, పనివాడి గొంతు ఉంది. అప్పుడు తండ్రి ఏం చేశాడో చూపించు. చిన్నవాడి కోసం పరుగెత్తినవాడే పెద్దవాడి కోసం కూడా బయటికి వచ్చి బతిమాలాడు. ఆ పెద్దవాడు లోపలికి వెళ్లాడో లేదో ప్రభువు చెప్పకుండా వదిలేశాడు. నువ్వూ వదిలెయ్. "ఈ ఇద్దరిలో నువ్వెవరు?" అని చీటీల మీద రాయమను, పేర్లు వద్దను. ఆ చీటీలు చదివితే నీ యూత్ ఏమిటో నీకు తెలుస్తుంది.

సిలువ గురించి చెప్పేటప్పుడు చాలా జాగ్రత్త. కోపంతో ఉన్న తండ్రిని మంచివాడైన కుమారుడు అడ్డుపడి ఆపాడు అన్నట్టు చెబితే, పిల్లలు యేసుని ప్రేమిస్తారు, తండ్రికి జీవితాంతం భయపడతారు. యోహాను 3:16లో ప్రేమించి కుమారుణ్ణి ఇచ్చింది ఎవరు? తండ్రే కదా. జడ్జిగారే దిగి వచ్చి దోషి జరిమానా కట్టేసిన కథ చాలామంది వాడతారు, నేనూ వాడాను. ఇప్పుడు వాడను. దాని బదులు పిల్లల్ని ఇలా అడుగుతాను: నీ స్నేహితుడు నీ రహస్యం పదిమందికి చెప్పేశాడు, తర్వాత వచ్చి క్షమించమన్నాడు. నువ్వు నిజంగా క్షమిస్తే ఆ నొప్పి ఎవరు భరిస్తారు? నువ్వే. క్షమించినవాడే ఖర్చు భరిస్తాడు. సిలువ మీద మనల్ని క్షమించడానికి అయిన ఖర్చంతా దేవుడే తన మీద వేసుకున్నాడు. "మనమింకను పాపులమై యుండగానే" అన్న రోమా 5:8లో "యుండగానే" అనే మాట కింద గీత గీయించు. అక్కడే ఆపకుండా ఖాళీ సమాధి దాకా తీసుకెళ్లు. క్రీస్తు లేవకపోతే మీరింకా మీ పాపాల్లోనే ఉన్నారని పౌలు కొరింథీయులకు సూటిగా రాశాడు.

ఇక సాక్ష్యాల సంగతి. తాగుడు నుంచి, జైలు నుంచి బయటపడ్డవాళ్ల సాక్ష్యాలు మనం స్టేజి ఎక్కించి చెప్పిస్తాం. మంచిదే. కానీ ఇంట్లో ప్రార్థన మధ్య పెరిగిన పిల్లలు అది విని, "నాకలాంటి రోజేదీ లేదు, నాకు రక్షణ రాలేదేమో" అని కుమిలిపోతారు. వాళ్లకి రెండు జీవితాలు పక్కపక్కన చెప్పు. పేరున్న ఇంగ్లీషు ప్రసంగీకుడు స్పర్జన్ గారు పాస్టర్ల ఇంట్లో పుట్టి పెరిగారు. అయినా 1850 జనవరిలో, పదిహేనేళ్ల వయసులో, మంచు తుఫానులో దారి మార్చుకుని ఇంగ్లండ్‌లోని కోల్చెస్టర్‌లో ఒక చిన్న చర్చిలోకి వెళ్లారు. అక్కడ యెషయా 45:22, "నా వైపు చూచి రక్షణ పొందుడి" అనే వాక్యం విని ఆ రోజే వెలుగు చూశారు. ఆయనకి తేదీ ఉంది. పౌలు శిష్యుడు తిమోతికి? అవ్వ లోయి, అమ్మ యునీకే, బాల్యం నుంచి లేఖనాలు. ఏ రోజు అనేది బైబిల్లో ఎక్కడా లేదు. అయినా అతని విశ్వాసం నిష్కపటమైనదని పౌలు రాశాడు. సూర్యుడు ఎప్పుడు ఉదయించాడో నిమిషం చెప్పలేకపోవచ్చు, వెలుగులో ఉన్నామో లేదో మాత్రం చెప్పగలం. పిల్లల చేత తేదీలు కల్పించకు.

అలాగని, మందిరంలో పెరిగితే చాలనుకోనివ్వకు కూడా. సమూయేలు మందిరంలోనే పడుకునేవాడు, పరిచర్య చేసేవాడు, అయినా అప్పటికి యెహోవాను ఎరగడని మొదటి సమూయేలు 3లో ఉంది. రాత్రి దేవుడి పిలుపు వచ్చినప్పుడల్లా, పిలిచింది యాజకుడు ఏలీ అనుకుని ఆయన దగ్గరికి పరుగెత్తాడు. ఏలీ ఎన్నో విషయాల్లో తప్పిపోయినవాడే గానీ ఆ రాత్రి సరైన పని చేశాడు. దేవుడేం చెబుతాడో తను చెప్పలేదు. వెళ్లి పడుకో, మళ్లీ పిలిస్తే ఇలా జవాబివ్వు అని నేర్పి పంపించాడు. నీ పని ఏమిటని అడిగావు చూడు, ఏలీ పనే. పిల్లలు నీ దగ్గరికి పరుగెత్తుకొస్తే నువ్వే దేవుడి గొంతు అయిపోకుండా ఆయన వైపు తిప్పి పంపించు.

కష్టమైన ప్రశ్నలు వస్తాయి. సువార్త వినకుండా చనిపోయినవాళ్ల సంగతేంటి? వేరే మతంలో ఉన్న నా స్నేహితుడు నాకంటే మంచివాడు కదా? రక్షణ పోతుందా? చిన్నప్పుడు ఇచ్చిన బాప్తిస్మం చాలదా? చివరి రెండింటి మీద దేవుణ్ణి ప్రేమించే సంఘాలే వేర్వేరుగా బోధిస్తాయి. ఆ మాట దాచకుండా చెప్పి, మన సంఘం ఏం నమ్ముతుందో, ఎందుకు నమ్ముతుందో పాస్టర్‌గారి చేత చెప్పించు. స్నేహితుడి గురించి అడిగే పిల్లని మాత్రం కసురుకోకు. ఆ ప్రశ్నలో ప్రేమ ఉంది. ఆ స్నేహితుణ్ణి తక్కువ చేసి మాట్లాడితే ఆ పిల్ల నీ మాట ఇక వినదు. నీకు తెలియనిది తెలియదను.

ఇంకో రెండు మాటలు. విడిగా మాట్లాడాల్సి వస్తే తలుపు తీసి ఉన్న చోట, నలుగురికీ కనబడేలా కూర్చో. ఎవరైనా తమకి జరిగిన హాని గురించి చెబితే, అది ప్రార్థించి మూసేసే విషయం కాదు. పాస్టర్‌గారికి, నమ్మదగిన పెద్దలకి వెంటనే చెప్పి ఆ పిల్లకి రక్షణ కల్పించాలి.

ఎవరైనా నిజంగా ముందుకొచ్చి "ప్రభువుని నమ్ముతున్నాను" అంటే, చప్పట్లతో వదిలెయ్యకు. ఆ వారమే కలిసి మార్కు సువార్త మొదలుపెట్టండి. 16 అధ్యాయాలే, నాలుగు సువార్తల్లో చిన్నది. పడిపోయిన రోజున ఏం చేయాలో ముందే నేర్పు. మొదటి యోహాను 1:9 అందుకే ఉంది. మళ్లీ మొదటి నుంచి రక్షణ పొందడానికి కాదు, తండ్రి దగ్గర ఒప్పుకోవడానికి.

ఆ అబ్బాయికి నేనేం జవాబిచ్చానో చెప్పలేదు కదా. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. వారం తర్వాత వాణ్ణి పిలిచి, యేసు తన గొర్రెల గురించి చెప్పిన యోహాను 10:28 చదవమన్నాను. "ఎవడును వాటిని నా చేతిలోనుండి అపహరింపడు." ఎవరి చెయ్యి? అని అడిగాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నాది కాదు" అన్నాడు. ఆ రోజు నేను వాణ్ణి చెయ్యెత్తమనలేదు.

మీ పిల్లల పేర్లు రాసి పంపు తమ్ముడూ. రోజూ పొద్దున్నే ఒక్కొక్కరి పేరు ఎత్తి ప్రార్థన చేస్తాను. లూకా 15 క్లాసు అయ్యాక చీటీల్లో ఏం వచ్చిందో కూడా, పేర్లు లేవు కాబట్టి, నాకు రాయి.

ప్రభువునందు,
నీ అక్క