చిన్నీ, ప్యానెల్ మీద చెయ్యి వేసే ముందు

చిన్నీ,

డెస్క్‌టాప్ ప్యానెల్‌లో, అదే స్క్రీన్ అంచున ఉండే పట్టీలో, గడియారం, బటన్ల లాంటి ఐటమ్‌లను అమర్చే కోడంతా నువ్వు మళ్లీ రాస్తున్నావని మీ నాన్న చెప్పాడు. ఎంత సంతోషమేసిందో అంత టెన్షన్ కూడా పట్టుకుంది.

మార్పులు చిన్న చిన్నవిగా చెయ్యి, ఒక్కోటీ పరీక్షించు. ఇది నీకు తెలిసిందే.

ఐటమ్ ఉన్న చోటుని మాత్రం పిక్సెల్ లెక్కలో దాచకు. పాత ప్యానెళ్లు కొన్ని అదే చేసేవి. 1280 వెడల్పు స్క్రీన్‌లో గడియారం 1200 దగ్గర ఉందని రాసుకునేవి. ప్రొజెక్టర్ తగిలించగానే వెడల్పు 1024కి పడిపోయేది. గడియారం ఎడమకి జరిగి వాల్యూమ్ బటన్‌ని నెట్టేది, అది ఇంకోదాన్ని నెట్టేది. పైగా ఆ కొత్త నంబర్లే సేవ్ అయ్యేవి! ప్రొజెక్టర్ తీసేసినా అన్నీ చిందరవందరగానే ఉండేవి. మా ఆఫీసులో చూపు తగ్గిన ఒక పెద్దాయన బటన్లను చేతి అలవాటు మీదే నొక్కేవారు. మీటింగ్ అయ్యాక మూలకి మౌస్ తీసుకెళ్తే అక్కడ ఏమీ ఉండేది కాదు. పాపం, తన కళ్లదే లోపమనుకునేవారు. నా భయమంతా అలాంటి వాళ్ల గురించే.

2011లో వచ్చిన గ్నోమ్ 3 (లినక్స్‌లో వాడే ఒక డెస్క్‌టాప్) ప్యానెల్ మాత్రం, ఐటమ్ ఎడమవైపా, మధ్యలోనా, కుడివైపా, అందులో ఎన్నోది అన్నదే దాచింది. నువ్వూ అలాగే చెయ్యి. చోటు చాలనప్పుడు అప్పటికి సర్దు, ఆ సర్దుబాటుని సేవ్ చెయ్యకు.

ప్యానెల్ ఎత్తు 27 పిక్సెల్‌లు అయితే 24 పిక్సెల్‌ల ఐకాన్‌ని సాగదీయకు, మసకబారుతుంది. చుట్టూ ఖాళీ వదులు, కానీ క్లిక్ స్క్రీన్ అంచు దాకా పనిచెయ్యాలి. గడియారానికి అంకెలన్నీ ఒకే వెడల్పుండే ఫాంట్ పెట్టు, లేదంటే సెకను మారినప్పుడల్లా పక్క ఐటమ్‌లు కదులుతాయి. ప్యానెల్‌లో మిగిలిన చోటు తెరిచి ఉన్న విండోల జాబితాకి ఇవ్వు.

ఐటమ్‌ని మౌస్‌తో లాగుతున్నప్పుడు అది ఎక్కడ పడుతుందో చూపించు, ఎస్కేప్ నొక్కితే పాత చోటుకి వెళ్లాలి. కీబోర్డుతో జరిపే వీలూ ఉండాలి. "అది తర్వాత చూద్దాంలే పెదనాన్నా" అన్నావంటే ఊరుకోను. చెయ్యి వణికేవాళ్లు మౌస్‌తో ఎలా లాగుతారు తల్లీ?

పాత సెట్టింగ్స్‌ని కొత్త పద్ధతిలోకి మార్చే కోడు అన్నిటికంటే ముందు రాయి. అయ్యాక నా మిషన్‌లోనే మొదట పెట్టి చూడు, పాడైనా పర్వాలేదు. రాత్రిళ్లు మరీ మేలుకోకు.

ఆశీస్సులతో,
పెదనాన్న