జ్వరం తగ్గిన మర్నాడు కాళ్ల మీద ఎర్రటి చుక్కలు.. ఆగి చూడవచ్చా?

ప్రశ్న: మా బాబుకు ఎనిమిదేళ్లు. నాలుగు రోజులు బాగా జ్వరం వచ్చి నిన్న తగ్గింది. ఈ ఉదయం స్నానం చేయిస్తుంటే పిక్కల మీద, పాదాల మీద ఆవగింజ కంటే చిన్న ఎర్రటి చుక్కలు కనిపించాయి. దురద లేదు. మా అత్తగారు అమ్మవారు పోసిందని, మందులు వాడకూడదని అంటున్నారు. రెండు రోజులు ఆగవచ్చా? – ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఆగవద్దు. ఈ జవాబు మీ కంటపడే లోపే బాబును ఆసుపత్రిలో చూపించి ఉంటారని ఆశిస్తున్నాను. మీరు రాసిన వాటిలో నన్ను కలవరపెట్టినవి రెండు: చుక్కలకు దురద లేకపోవడం, జ్వరం తగ్గిన మర్నాడే అవి బయటపడటం.

ఆటలమ్మలో పొక్కులు నీటి బుడగల్లా ఉబ్బి, దురద పెడతాయి. ఎక్కువగా ముఖం, ఛాతీ, వీపు మీద కనిపిస్తాయి. తట్టులో దగ్గు, కళ్ల ఎరుపు ముందు వచ్చి, చెవుల వెనుక మొదలైన ఎరుపు కిందికి పాకుతుంది. మీ బాబు చుక్కలు ఈ రెండింటి తీరులోనూ లేవు. పలుచని గాజు గ్లాసును చుక్కల మీద గట్టిగా అదిమి, గాజులోంచి చూడండి. మామూలు దద్దురైతే ఎరుపు మాయమవుతుంది. చుక్క అలాగే నిలిచి ఉంటే అది చర్మం లోపల ఊరిన రక్తమని అర్థం. చామనఛాయ, నలుపు రంగు ఒంటిపై ఇవి సరిగా కనిపించవు కనుక అరికాళ్లు, అరచేతులు, కింది కనురెప్ప లోపలి భాగం, అంగిలి కూడా చూడాలి.

ఇలా రక్తపు చుక్కలు కనిపించినప్పుడు మన ప్రాంతంలో మొదట అనుమానించాల్సింది డెంగీని. ఈ జబ్బులో అసలు ప్రమాదం జ్వరం ఉన్నప్పటి కంటే, సాధారణంగా మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య, అది తగ్గే సమయంలోనే ఎక్కువ; అప్పుడే రక్తనాళాల గోడల్లోంచి ద్రవం బయటికి కారిపోయి, ఒళ్లు చల్లబడి, బీపీ పడిపోవచ్చు. ఇళ్లలో అందరూ ప్లేట్‌లెట్లు ఎన్ని అని మాత్రమే అడుగుతారు. అవి 1.5 లక్షల నుంచి 4.5 లక్షల వరకు ఉండటం మామూలే. కానీ రక్తం చిక్కబడుతున్నదీ లేనిదీ చెప్పే హెమటోక్రిట్ కూడా మాకు అంతే ముఖ్యం. కడుపు నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, చల్లబడిన చేతులు, మూత్రం తగ్గడం, పిల్లవాడు మత్తుగా పడి ఉండటం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే 108కు ఫోన్ చేయండి. బొప్పాయి ఆకు రసం తాగిస్తూ ఇంట్లో గంటలు గడపవద్దు. డెంగీ తగ్గేటప్పుడు మరో రకం ఎరుపు, మధ్యమధ్య తెల్లటి మచ్చలతో, దురదతో వస్తుంది; అది కోలుకుంటున్న గుర్తు, దానికి భయం లేదు.

డెంగీ కాకపోయినా ఆలస్యం పనికిరాదు. మెదడు పొరలకు, రక్తానికి సోకే బ్యాక్టీరియా జబ్బు మెనింగోకాకల్ ఇన్ఫెక్షన్‌లో ఇలాంటి చుక్కలు గంటల్లోనే ఊదా మరకలుగా మారి ప్రాణం మీదికి తెస్తాయి. చుక్కలు పిరుదుల మీద కూడా ఉబ్బెత్తుగా ఉండి, కీళ్లు, కడుపు నొప్పులు ఉంటే రక్తనాళాల వాపు కావచ్చు. మరొకటి మీరే వెతకగలరు: చంక, గజ్జ, నడుము పట్టీ కింద సిగరెట్ కాల్చినట్టున్న నల్లటి పెచ్చు. నొప్పి లేదని ఎవరూ దాన్ని పట్టించుకోరు. అది స్క్రబ్ టైఫస్‌కు, అంటే పొదల్లో ఉండే నల్లి లాంటి చిన్న పురుగులు కుడితే వచ్చే జ్వరానికి గుర్తు. సకాలంలో గుర్తిస్తే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌తో చక్కగా లొంగుతుంది.

అత్తగారిని నొప్పించనక్కర లేదు, వేపాకు పక్కన ఉంచుకోవచ్చు. కానీ ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్, డైక్లోఫెనాక్ అనే నొప్పి మందులు మాత్రం ఇవ్వకండి; అవి రక్తస్రావాన్ని పెంచవచ్చు. జ్వరం ఏ రోజు మొదలైందో, బాబు చివరిసారి మూత్రం ఎప్పుడు పోశాడో కాగితం మీద రాసుకుని, ఇప్పటిదాకా వేసిన మాత్రల అట్టలు సంచిలో వేసుకుని ఈరోజే బయలుదేరండి.