చీటీ పాడుకుని గేమింగ్ కంప్యూటర్ కొనవచ్చా?

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. నా వయసు 24. బట్టల దుకాణంలో లెక్కలు రాస్తాను. జీతం 19,000. ఇంట్లో 8,000 ఇస్తాను. నెలకు 2,500 చొప్పున ఇరవై నెలల చీటీ కడుతున్నాను, అయిదు నెలలు పూర్తయ్యాయి. అది ముగిసేసరికి చెల్లెలి కాలేజీ ఫీజుకు పనికొస్తుందని వేసిన చీటీ. నా సొంత ఖర్చులు పోగా నెలకు 4,500 మిగులుతుంది. బ్యాంకులో 58,000 ఉన్నాయి. గేమ్స్ ఆడుకోవడానికి, ఆడినవి రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టడానికి కంప్యూటర్ కావాలి. దాని నుంచి కొంత ఆదాయం కూడా వస్తుందనుకుంటున్నాను. మూడు దారులు కనిపిస్తున్నాయి. ఒకటి, 75,000 గేమింగ్ ల్యాప్‌టాప్‌ను వడ్డీ లేని వాయిదాల మీద 18 నెలలకు తీసుకోవడం. రెండు, వచ్చే నెల చీటీ పాడుకుని, బ్యాంకు డబ్బు కలిపి 90,000తో అసెంబుల్ చేయించడం. పోయిన నెల పాట 14,000 దాకా వెళ్లింది. మూడు, బరంపురంలో తెలిసినవారి దగ్గర ఐ7 కంప్యూటర్ 22,000కు వస్తోంది, అది కొనడం. ఏది మంచిది?

జవాబు: మూడింటిలో ఏదీ వద్దు. బ్యాంకులో ఉన్న డబ్బులో 40,000తో మొదలుపెట్టే నాలుగో దారి ఒకటుంది. అది చెప్పే ముందు చీటీ సంగతి తేల్చుకుందాం. మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది అదే.

చీటీ పాడుకుంటే మన డబ్బు మనం తీసుకున్నట్టే అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. మీది మొత్తం 50,000 చీటీ. ఆరో నెలలో 14,000 తగ్గించుకుని పాడితే మీ చేతికి 36,000 వస్తాయి. అదే చివరిదాకా ఆగితే, నిర్వాహకుడి కమీషన్ 5 శాతం అనుకున్నా, 47,500 వస్తాయి. ఎవరు పాడినా మిగిలిన వాయిదాలు, వాటి మీద వచ్చే డివిడెండు (పాటలో తగ్గిన సొమ్ములో మీ వాటా) రెండు సందర్భాల్లోనూ ఒకటే. అంటే 36,000ను పద్నాలుగు నెలలు ముందుగా అందుకోవడానికి మీరు 11,500 వదులుకుంటున్నారు. ఏడాది లెక్కన అది 27 శాతం వడ్డీ. ఆ వడ్డీకి బయట ఎవరైనా అప్పిస్తామంటే మీరే వద్దంటారు. పైగా పాడుకున్నాక జామీను ఇవ్వాలి, మిగిలిన 14 వాయిదాలు ఒక్కటి తప్పకుండా కట్టాలి. ఫీజు కట్టే రోజున చెల్లెలికి ఇవ్వడానికి చేతిలో ఏమీ ఉండదు. ఆ చీటీ మీ కంప్యూటర్‌ది కాదు, ఆమెది. దాన్ని ముట్టుకోకండి. అది 1982 చిట్‌ఫండ్ చట్టం కింద రిజిస్టరైన చీటీయేనా అన్నది కూడా ఒకసారి కనుక్కోండి. పాస్‌బుక్కులో నమోదు లేకుండా నోటి మాట మీద నడుస్తున్నదైతే, పక్కన పెట్టాల్సిన ఆపద్ధర్మపు సొమ్ము ఇంకొంచెం పెద్దదిగా ఉండాలి.

వాయిదాల ల్యాప్‌టాప్ సంగతి తొందరగా తేలిపోతుంది. 75,000ను 18 నెలలకు పంచితే నెలకు 4,167. మీకు మిగిలేది 4,500. నెలకు 333 రూపాయల ఊపిరితో ఏడాదిన్నర గడపడం పొదుపు కాదు, ఉపవాసం. ఇక వడ్డీ లేదన్న మాట. 2013 సెప్టెంబరులోనే రిజర్వు బ్యాంకు, సున్నా వడ్డీ అనేదే లేదని, ఆ వడ్డీని వేరే రూపంలో రాబట్టుకుంటున్నారని బ్యాంకులను హెచ్చరించింది. ఇప్పుడు నడుస్తున్న పద్ధతిలో వడ్డీ మేరకు ధర తగ్గించి చూపిస్తారు, బ్యాంకు ఆ వడ్డీని మీ దగ్గర వసూలు చేస్తుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ మీ ఖాతాలోనే పడుతుంది, ప్రాసెసింగ్ రుసుము అదనం. నగదుకు అయితే ఎంతకిస్తారని దుకాణంలో ఒక్క మాట అడగండి. ఆ తేడాయే మీరు కట్టే వడ్డీ. డబ్బు సంగతి పక్కన పెట్టినా, ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ చిప్ బోర్డుకే అతికి ఉంటుంది. మూడేళ్ల తర్వాత చాలడం లేదనిపిస్తే మొత్తం మార్చాల్సిందే.

బరంపురం ఐ7 విషయంలో ఒకటే చూడండి: ఐ7 తర్వాత ఉండే సంఖ్య. 3770 అని ఉంటే అది మూడో తరం, 2012 నాటిది. ఐ7 అన్న పేరుకు 22,000 ఇస్తారు గానీ అందులో ఉండేది పాత రకం డీడీఆర్3 మెమొరీ. విండోస్ 11 అధికారికంగా ఎనిమిదో తరం నుంచే ఇంటెల్ ప్రాసెసర్లను అంగీకరిస్తుంది. విండోస్ 10కు మామూలుగా వచ్చే భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. వాలరెంట్ లాంటి ఆటలు విండోస్ 11 మీద నడవాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు ఉండి తీరాలంటాయి. ఎనిమిదో తరమో, ఆ తర్వాతిదో అయితే మళ్లీ రాయండి, అప్పుడు ఆలోచిద్దాం.

ఇక నాలుగో దారి. 58,000లో 18,000 కదపకండి. మీ జిల్లావాళ్లకు ఎందుకని చెప్పనక్కరలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి గజపతి కొండల మీద విరుచుకుపడినప్పుడు చేతిలో నగదు ఉన్న ఇంటికీ లేని ఇంటికీ తేడా మీరు చూసే ఉంటారు. మిగిలిన 40,000తో కంప్యూటర్‌ను రెండు విడతలుగా కట్టండి. మొదటి విడతలో గ్రాఫిక్స్ కార్డు ఉండదు, మానిటర్ ఉండదు. ఇంట్లో టీవీ ఉంటే దానికి హెచ్‌డీఎంఐ తీగ తగిలించండి. చిన్న టీవీలు చాలావరకు 1366×768 స్పష్టతవే. అక్షరాలు కాస్త మసకగా కనబడతాయి, కానీ గీయాల్సిన చుక్కలు తక్కువ కాబట్టి ఆట తేలిగ్గా నడుస్తుంది. గ్రాఫిక్స్ కార్డు లేని రోజుల్లో అదొక లాభం.

కార్డు లేకుండా ఆట ఎలా అంటారా? ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉన్నది కొనండి. ఏఎండీ రైజెన్ 5 5600జీ అలాంటిది. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, 65 వాట్లు, ఫ్యాను పెట్టెలోనే వస్తుంది. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ లాంటివి సెట్టింగులు తగ్గించుకుని హాయిగా ఆడుకోవచ్చు. పెద్ద పెద్ద కథా ఆటలు మాత్రం దీని మీద కష్టం, వాటికి రెండో విడత దాకా ఓపిక పట్టాలి. ఒక జాగ్రత్త. పేరు చివర ‘ఎఫ్’ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో, ‘జీ’ లేని 5600లో గ్రాఫిక్స్ ఉండదు. కార్డు లేకుండా అవి కొంటే తెర మీద బొమ్మే రాదు. వెయ్యి రూపాయలు తక్కువని దుకాణదారు అవే చేతిలో పెట్టవచ్చు.

ఈ 5600జీ బిగేది ఏఎం4 రకం బోర్డులో. ఆ బోర్డుల కాలం అయిపోయిందని, 2022లో వచ్చిన ఏఎం5కే వెళ్లమని మీ స్నేహితులు చెబుతారు. నిజమే, ఏఎం4కు ఇక పెద్దగా కొత్త ప్రాసెసర్లు రావు. కానీ ఏఎం5కు కొత్త రకం డీడీఆర్5 మెమొరీ తప్పనిసరి, బోర్డు ధర కూడా ఎక్కువ. ఆ తేడాతో మీకు మొదటి విడతే దాటదు. ఏఎం4లోనే బీ550 బోర్డు తీసుకుంటే మంచిది. బీ450 ఇస్తామంటే బయోస్ (బోర్డును మేల్కొలిపే సాఫ్ట్‌వేర్) కొత్తదేనా అని అడిగి, దుకాణంలోనే వెలిగించి చూపించమనండి.

నేను పెట్టే హద్దులివి. ధరలు కావు, ఇంతకు మించి ఖర్చు చేయకండని చెప్పే గీతలు: ప్రాసెసర్‌కు 12,000, బోర్డుకు 7,000, మెమొరీకి 8,000, ఎస్‌ఎస్‌డీకి (ఫైళ్లు దాచే డ్రైవు) 5,000, ఎస్‌ఎంపీఎస్‌కు (కంప్యూటర్‌కు విద్యుత్తు అందించే డబ్బా) 4,000, క్యాబినెట్‌కు 2,500, కీబోర్డు మౌస్‌లకు 1,500. సరిగ్గా 40,000.

వీటిలో మిమ్మల్ని ఏడిపించేది మెమొరీ. 2025 చివరి నుంచి కృత్రిమ మేధ డేటా సెంటర్లు చిప్పులన్నీ ఎగరేసుకుపోవడంతో ధరలు మండిపోయాయి. అలాగని ఒకటే 8 జీబీ స్టిక్కుతో సరిపెట్టకండి. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌కు సొంత మెమొరీ ఉండదు, దీన్నే వాడుకుంటుంది. రెండు స్టిక్కులు జతగా ఉంటేనే దారి వెడల్పవుతుంది, ఆటలో ఆ తేడా కళ్లకు కనిపిస్తుంది. రెండు ఎనిమిదులు కొత్తవి అందకపోతే పాతవి వెతకండి. సెకండ్‌హ్యాండ్‌లో నేను భయం లేకుండా కొనమనే భాగం ఇదొక్కటే. మెమొరీ అంత సులువుగా పాడవదు. పాడైందో లేదో మెమ్‌టెస్ట్86 అనే ఉచిత సాధనంతో ఒక రాత్రి నడిపి తెలుసుకోవచ్చు.

తక్కువలో కానివ్వాలని అందరికీ చేయి దురద పెట్టేది ఎస్‌ఎంపీఎస్ దగ్గర. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వస్తుంది కదా అంటారు. పేరులేని ఆ డబ్బా మీద 500 వాట్లని రాసి ఉంటుంది, ఆ రాతకు హామీ ఎవరూ ఉండరు. అది పోతే పోతూ పోతూ బోర్డునో కార్డునో వెంట తీసుకుపోగలదు. పేరున్న కంపెనీది 550 వాట్లు, 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు ఉన్నది తీసుకోండి. ఆ గుర్తు విద్యుత్తు ఎంత తక్కువగా వృథా అవుతుందో చెప్పేది మాత్రమే, భద్రతకు ధ్రువీకరణ కాదు. అందుకని పెట్టె పక్కన అంటించిన చీటీ చదవండి. ఇన్‌పుట్ అన్న చోట 100–240 వోల్టులని ఉంటే సరే. 200–240 అని ఉన్నవీ బజారులో దండిగా ఉన్నాయి. వానాకాలం సాయంత్రం మీ వీధిలో వోల్టేజి 170కి పడిపోతే మొదటిది నిలబడుతుంది, రెండోది మధ్యలో ఆరిపోయే ప్రమాదం ఉంది. కరెంటు పోయినప్పుడు మూసుకోవడానికి యూపీఎస్ కావాలి, కానీ అది ఈ నెలే కొనాలని లేదు.

రెండో విడత గ్రాఫిక్స్ కార్డు. మీకు మిగిలే 4,500లో 1,500 ఆపద్ధర్మపు ఖాతాలో వేయండి, 3,000 కార్డు కోసం వేరే రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. ఎనిమిది నెలల్లో 24,000 అవుతుంది. ఆ డబ్బుకు ఆనాడు ఏది వస్తే అది, కానీ కార్డులోని మెమొరీ 8 జీబీకి తగ్గకూడదు. ఆర్‌ఎక్స్ 6600 తరహా కార్డుకు 132 వాట్లు చాలు, మీ 550 వాట్లు దానికి ఎక్కువే. రెండు ఉచ్చులు చెబుతాను. ఆర్‌టీఎక్స్ 3050 పేరుతో రెండు వేర్వేరు కార్డులున్నాయి. 2022లో వచ్చిన 8 జీబీది ఒకటి, 2024లో వచ్చిన 6 జీబీది ఒకటి. రెండోదాంట్లో కోర్లు కూడా తక్కువ, పేరు చూసి రెండూ ఒకటే అనుకోకండి. ఇక ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ. అది నాలుగు పీసీఐఈ లేన్ల (కార్డుకూ ప్రాసెసర్‌కూ మధ్య సమాచారం నడిచే దారులు) మీదే నడుస్తుంది. 5600జీలో ఉన్నది పాత మూడో తరం పీసీఐఈ కాబట్టి దాని దారి సగానికి సగం ఇరుకవుతుంది. మీకది అస్సలు పనికిరాదు. కార్డు వచ్చాక మానిటర్ గురించి ఆలోచించవచ్చు.

యూట్యూబ్ ఆదాయం గురించి మీరు రాసిన వాక్యాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ప్రకటనల వాటా రావాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ (లేదా 90 రోజుల్లో కోటి షార్ట్స్ వీక్షణలు) ఉండాలి. రికార్డు చేయడం మానమని కాదు. 5600జీలోనే వీడియో ఎన్‌కోడర్ (ఆటను వీడియోగా మలిచే భాగం) ఉంది, మొదటి విడతతోనే మొదలుపెట్టవచ్చు. రాబోయే ఆదాయాన్ని చూపించి ఈ రోజు అప్పు చేయకండి, అంతే. కరెంటు బిల్లుకు బెంగపడకండి. కార్డు వచ్చాక కూడా రోజుకు మూడు గంటలు, 250 వాట్ల లెక్కన నెలకు 22 యూనిట్ల పైచిలుకు. యూనిట్ 5 రూపాయలనుకుంటే 115 దాటదు.

ఎక్కడ కొనాలి? మీకు భువనేశ్వర్ కంటే విశాఖ మేలు, గుణుపురం–విశాఖ రైలు మీ ఊరి మీదుగానే వెళ్తుంది. వారంటీకి మళ్లీ వెళ్లాల్సి వచ్చేదీ అక్కడికే కాబట్టి బోర్డు, ప్రాసెసర్, ఎస్‌ఎంపీఎస్ ఒకే దుకాణంలో తీసుకోండి. ప్రతి భాగం సీరియల్ సంఖ్యా బిల్లు మీద రాయించండి. బిల్లు వద్దంటే జీఎస్టీ 18 శాతం తగ్గుతుందని చెవిలో చెబుతారు. ఆ తగ్గింపు మీ మూడేళ్ల వారంటీకి ఇస్తున్న ధర. అక్కడే బిగించి, వెలిగించి చూపించమనండి. కార్డు లేని క్యాబినెట్‌ను బిగించినదాన్ని బిగించినట్టే రైలులో తేవచ్చు. రెండో విడతలో కార్డు మాత్రం దాని పెట్టెలోనే తెచ్చి ఇంట్లో బిగించుకోండి, కుదుపులకు దాని బరువు బోర్డు మీద పడుతుంది.

బయలుదేరే ముందురోజు ఫోనులో మెమొరీ ధర అడగండి. కొత్తదీ పాతదీ రెండూ 8,000 దాటితే ఆ నెల వెళ్లకండి. పక్కన పెట్టిన 18,000 ముట్టుకోకుండా, తర్వాతి నెల మిగిలే 4,500 కలుపుకుని వెళ్లండి.