ఇల్లు ఎవరికో వాళ్లను అడిగి కట్టడం: ఇదీ ఒక కెరీరే

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. లెక్కలు బాగా చేస్తుంది. అందరూ కంప్యూటర్ సైన్స్ అంటుంటే తనేమో బి.ప్లాన్ (బ్యాచిలర్ ఆఫ్ ప్లానింగ్) చదువుతానంటోంది. ఇళ్ల పథకాలు, ఊరి ప్లాన్లు ఎలా ఉండాలో అక్కడి జనంతో మాట్లాడి తేల్చే పని చేయాలట. అసలు అలాంటి ఉద్యోగాలున్నాయా?
- ఒక తండ్రి, నిజామాబాద్

జవాబు: ఉన్నాయండి. కాకపోతే సాఫ్ట్‌వేర్‌లో ఉన్నన్ని లేవు, మొదట్లో జీతాలూ ఆ స్థాయిలో ఉండవు. ఆ సంగతి తెలిసే మీరిద్దరూ నిర్ణయం తీసుకోవాలి. అయినా మీ అమ్మాయి ఆలోచన నాకు చాలా నచ్చింది.

2023 జనవరిలో మీ పక్కనే కామారెడ్డిలో ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. ముసాయిదా మాస్టర్ ప్లాన్‌లో తమ పంట పొలాలను ఇండస్ట్రియల్ జోన్‌లో చూపించారని రైతులు రోడ్డెక్కారు. చివరికి మున్సిపల్ కౌన్సిలే ఆ ప్లాన్‌ను రద్దు చేయాలని తీర్మానం చేసింది. ముసాయిదా ఇచ్చాక అభ్యంతరాలు, సూచనలు తీసుకునే పద్ధతి మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. కానీ మ్యాప్ గీసేశాక "అభ్యంతరాలుంటే రాసివ్వండి" అంటే, అప్పటికే జనం భయంలో ఉంటారు. గీయకముందే ఊళ్లోకి వెళ్లి రైతుతో, కౌలుదారుతో, ప్లాటు కొనుక్కున్న ఉద్యోగితో, బిల్డర్‌తో విడివిడిగానూ కలిపీ కూర్చోవాలి. మీ అమ్మాయి కోరుకుంటున్నది ఆ పనే.

ఇళ్ల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. 1980లలో ముంబై బైకుల్లా ఫుట్‌పాత్‌ల మీద బతికే ఆడవాళ్లు స్పార్క్ అనే సంస్థ తోడుతో మహిళా మిలన్ సంఘం పెట్టుకున్నారు. తమకెలాంటి ఇల్లు కావాలో వాళ్లే చర్చించుకుని, కర్రలూ గుడ్డలతో అసలు సైజులోనే నమూనా ఇల్లు నిలబెట్టి చూపించారు. కప్పు 14 అడుగుల ఎత్తున ఉండాలన్నారు. అంత ఎత్తుంటే మధ్యలో అటకలా ఒక అర వేసుకోవచ్చు, నేల పెరగకుండానే పడుకునే చోటు పెరుగుతుంది. మరుగుదొడ్డి ఇంటింటికీ కాకుండా కొన్ని ఇళ్లకు ఉమ్మడిగా చాలన్నారు. ఇరుకు గదిలో ఏది ముందో రోజూ ఇరుకులో బతికేవాళ్లకే బాగా తెలుస్తుంది.

ఒడిశాది మరో దారి. బస్తీల్లో ఉంటున్నవాళ్లకు భూమి హక్కు ఇవ్వడానికి ఆ రాష్ట్రం 2017లో చట్టం చేసింది. మ్యాపులు డ్రోన్లతో తీశారు. ఏ ఇంట్లో ఎవరుంటున్నారో తేల్చడంలో మాత్రం బస్తీ సంఘాలను కలుపుకున్నారు.

మన దగ్గర హైదరాబాద్ శివార్లలోని కొల్లూరులో ఒకేచోట 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు కట్టారు. సిటీ నడిబొడ్డున ఇళ్లలో పనిచేసుకునే ఆవిడకు అక్కడ ఇల్లొస్తే, పొద్దున ఆరింటికి పనికెలా వెళ్తుంది, బస్సు ఖర్చెంత, పిల్లల బడెక్కడ? ఈ ప్రశ్నలు తాళాలిచ్చే రోజున కాదు, స్థలం ఎంచుకునే రోజున అడగాలి. అడగడానికి ఆ గదిలో ఒక మనిషి ఉండాలి.

అలా అడగడం ఊరికే వచ్చే విద్య కాదండి. ఉదయం పదకొండింటికి కమ్యూనిటీ హాల్లో మీటింగ్ పెడితే ఇంటి ఓనర్లు, నాయకుల మనుషులు వస్తారు. అడ్డా కూలీలు రారు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు రారు. అద్దెకున్నవాళ్లయితే సర్వే కాగితంలోనే ఉండరు, వాళ్లకు కబురే అందదు. రాత్రి ఎనిమిదింటికి పెడితే వచ్చేవాళ్లు మారిపోతారు. మగవాళ్ల ముందు నోరు విప్పని ఆడవాళ్లతో విడిగా కూర్చుంటే, మాట్లాడే విషయాలే మారిపోతాయి. విన్నదాన్ని అధికారులు, ఇంజినీర్లు, బ్యాంకు వాళ్లు కాదనలేని విధంగా మ్యాపుగా, లెక్కగా, రెండు పేజీల నోట్‌గా మార్చగలగాలి. మీ అమ్మాయి లెక్కల్లో గట్టిదన్నారు కదా, అది అక్కడ పనికొస్తుంది.

చదువు విషయానికొస్తే, బి.ప్లాన్ నాలుగేళ్లు. జేఈఈ మెయిన్ పేపర్-2బి రాయాలి. అందులో మ్యాథ్స్, ఆప్టిట్యూడ్‌తో పాటు ప్లానింగ్ మీద ప్రశ్నలుంటాయి. విజయవాడ, ఢిల్లీ, భోపాల్‌లలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లలో సీట్లు, ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్లు ఇచ్చే జోసా కౌన్సెలింగ్‌లోనే వస్తాయి. తర్వాత గేట్‌లో ఆర్కిటెక్చర్ అండ్ ప్లానింగ్ పేపర్ రాసి ఎం.ప్లాన్ చేయొచ్చు. ఢిల్లీలోనైతే ఇళ్ల మీదే ప్రత్యేకంగా హౌసింగ్ స్పెషలైజేషన్ కూడా ఉంది. ఇంజినీరింగో డిగ్రీయో చేసి, టిస్‌లో (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) పట్టణ విధానాలు, పాలన మీద పీజీ చేసే దారి కూడా తెరిచే ఉంది.

ఉద్యోగాల గురించి ఉన్నది ఉన్నట్టు చెప్తాను. మున్సిపాలిటీల టౌన్ ప్లానింగ్ విభాగంలో కొలువు స్థిరమైనది, కానీ రోజులో ఎక్కువ భాగం ఇంటి పర్మిషన్లకు, లేఅవుట్లకే పోతుంది. ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ విభాగం కింద నగర స్థాయి టెక్నికల్ సెల్స్‌లో ప్లానర్లను, సోషల్ డెవలప్‌మెంట్ నిపుణులను తీసుకుంటూ వచ్చారు. అవి ఎక్కువగా కాంట్రాక్టువి. ప్రపంచ బ్యాంకు డబ్బుతో నడిచే పెట్టుబడి ప్రాజెక్టుల్లో, నష్టపోయేవాళ్లతో సహా సంబంధం ఉన్న అందరితో ఎప్పుడు, ఎలా మాట్లాడతారో ముందే ప్లాన్ రాసివ్వాలి. అందుకే కన్సల్టెన్సీలకు సోషల్ సేఫ్‌గార్డ్స్, అంటే ప్రాజెక్టు వల్ల జనం నష్టపోకుండా చూసే పద్ధతులు, తెలిసినవాళ్లు కావాలి. అనుభవం ఉన్నవాళ్లకు మంచి జీతం ఇక్కడే. స్వచ్ఛంద సంస్థల్లో నేర్చుకునేది ఎక్కువ, ఇచ్చేది తక్కువ. మొదటి రెండు మూడేళ్లు అక్కడ గడిపితే మేలని నా అభిప్రాయం, ఇంటి పరిస్థితి అనుమతిస్తేనే.

ఒక్క పని చేయించండి. మీ ఊళ్లో ఇందిరమ్మ ఇల్లు వచ్చినవాళ్లనీ, అడిగినా రానివాళ్లనీ ఓ పదిమందిని కలిసి, ఇల్లు ఎక్కడ, ఎలా కావాలనుకున్నారో విని రాసుకు రమ్మనండి. పదో ఇంటికి వెళ్లేటప్పటికి విసుగొస్తుందా, ఇంకా అడగాలనిపిస్తుందా అన్నది తనకే తెలిసిపోతుంది. కంప్యూటర్ సైన్స్ దారి కూడా ఇప్పుడే మూసేయనక్కర్లేదు. జేఈఈ మెయిన్ దరఖాస్తులో పేపర్-1తో పాటు పేపర్-2బి కూడా ఎంచుకోవచ్చు. ఫీజు కొంత ఎక్కువవుతుంది, కట్టేయండి.